కల్లంలో ఇంగ్లీషు క్లాసు

మా ఆయనకు మాట పడిపోయింది భాద్రపద మాసంలో, మిరపనారు నాటుతున్న రోజుల్లో. శుక్రవారం, పొద్దున ఎనిమిది దాటి పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, పొలానికి వెళ్ళే ఆటో ఎనిమిదింబావుకు వస్తుంది. నేను గడియారం చూసుకుంటూ చెప్పులు వేసుకుంటున్నాను. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పేపరు చేతిలోంచి జారి కింద పడింది. ఆయన తీయలేదు. "ఏమండీ" అన్నాను. తల తిప్పి చూశారు. నోరు తెరిచారు. మాట రాలేదు.

ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పొలం పనులు నేను చూసుకున్నాను. మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి. ఏ రోజు విత్తనం పెట్టామో, ఏ కోతకు ఎన్ని బస్తాలయ్యాయో, ఎవరు ఏ రోజు పనికి వచ్చారో నన్నడిగితే చెబుతాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కల్లో క్లాసుకంతా మొదటిదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థం మాత్రం తెలియదు. తెలియాల్సిన అవసరం పడలేదు. ఇంట్లో ఇంగ్లీషు ఆయన వాటా, లెక్కలు నా వాటా. మాకు పిల్లల్లేరు.

గుంటూరు ఆసుపత్రిలో మొదటి వారమంతా ఆయన నోట "ఆ... ఆ" తప్ప మరో శబ్దం లేదు. కుడిచెయ్యి లేవడం లేదు. నేను చెప్పేది అర్థమవుతోందని కళ్ళు చూస్తే తెలుస్తోంది. బదులు చెప్పబోయి, మాట దొరక్క, ఎడమచేత్తో మంచం పట్టీ మీద కొట్టేవారు. ముప్పై ఏళ్ళ పాటు మాట్లాడి బతికిన మనిషి.

తర్వాతి వారంలో ఒక పొద్దున నర్సమ్మ మందుల ట్రే పట్టుకుని వచ్చి, పక్క మంచం వాళ్ళతో గట్టిగా కబుర్లు చెబుతోంది. మా ఆయన దిండు మీంచి తల ఎత్తారు. స్పష్టంగా, బళ్ళో అన్నట్టే అన్నారు.

"సైలెన్స్!"

నర్సమ్మ మాట గొంతులోనే ఆగిపోయింది. పక్క మంచం పెద్దాయన భార్య, దాచేపల్లి నుంచి వచ్చినామె, లేచి నిలబడింది.

"అమ్మో! మేష్టారికి మాటొచ్చిందమ్మా! వస్తే వచ్చింది గానీ ఇంగిలీసే వచ్చిందే!"

"ఇంగ్లీషైతే మాట కాదా ఏంటి?" అన్నాను. అనేసి వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి కాసేపు నిలబడ్డాను.

పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. "రోజూ అని అని అరిగిపోయిన మాటలు ముందు బయటికొస్తాయమ్మా. తెలుగు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో నేను చెప్పలేను. ఏ భాషలో వస్తే ఆ భాషలోనే మాట్లాడించండి. మాట ఆగిపోనివ్వకండి" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదండీ."

"మీరు తెలుగులో మాట్లాడండి. ఆయన ఇంగ్లీషులో చెప్తారు."

వినడానికి సులువుగానే ఉంది. చిక్కు ఇంటికొచ్చాక తెలిసింది. ఆ ఇంగ్లీషు ఆయన తలుచుకుంటే వచ్చేది కాదు. బడి గుర్తొస్తే వచ్చేది. అన్నం బాగుంటే "వెరీ గుడ్". చాలంటే "స్టాప్ దేర్". పాలవాడు ఆలస్యమైతే గుమ్మం వైపు చూసి "హూ ఈజ్ ఆబ్సెంట్?" దాహమేసినా, తల నొప్పి పుట్టినా చెప్పడానికి బడి మాటల్లో మాట లేదు. అప్పుడు మళ్ళీ మంచం పట్టీ మీద దెబ్బ.

కనిగిరి నుంచి ఆయన చెల్లెలు చూడ్డానికి వచ్చింది. వస్తూనే మంచం దగ్గర కూలబడి, "అన్నయ్యా, నేనెవరో గుర్తుపట్టావా?" అని చేతులు పట్టుకుంది.

ఆయన ఆమెను కాసేపు చూశారు. "సిట్ డౌన్" అన్నారు.

ఆమెకు ఒక కంట ఏడుపు, ఒక కంట నవ్వు. "చిన్నప్పుడూ ఇంతే వదినా. పాఠం అప్పజెప్పేదాకా నన్ను లెయ్యనిచ్చేవాడు కాదు. గుర్తుపట్టాడు, నన్నే గుర్తుపట్టాడు."

దీపావళి ముందు వారం బీరువా దులుపుతుంటే అట్ట ఊడిన ఆరో తరగతి ఇంగ్లీషు వాచకం ఒకటి దొరికింది. పాత కాగితాల్లో వేద్దామనుకుని, ఎందుకో ఆయన పక్కన కూర్చుని తెరిచాను. సముద్రం మధ్య దీపస్తంభానికి కాపలా ఉండే మనిషి గురించిన పాఠం. వేలు పెట్టి, అక్షరం అక్షరం కలుపుకుంటూ పైకి చదివాను.

"దేర్ వాజ్ ఎ స్మాల్ ఇస్... లాండ్..."

"నో."

తలెత్తాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. నుదురు ముడిపడి ఉంది.

"ఐలాండ్" అన్నారు.

"ఇక్కడ ఎస్ ఉంది కదండీ?"

"ఎస్... సైలెంట్."

"పలకనప్పుడు రాయడమెందుకు?"

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. మూతి ఒక పక్కకే కదులుతుంది కాబట్టి నవ్వు కూడా ఒక పక్కకే వచ్చింది. "సైలెంట్" అన్నారు మళ్ళీ. రెండు నెలల తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి సంగతి అది. ఒక ఎస్ గురించి.

మర్నాటి నుంచి సాయంత్రం ఐదింటికి క్లాసు. ఐదంటే ఐదే. నేను చదివేదాన్ని, ఆయన దిద్దేవారు. నేను ఎక్కడ తప్పితే అక్కడ ఆయనకు మాట పుట్టేది. "నో", "అగైన్", "స్లోలీ", ఆ తర్వాత సరైన మాట. ఒక్కోసారి ఆ మాట వెనక ఇంకో రెండు మాటలు వచ్చేవి. ఒక రోజు లెక్క పెట్టుకున్నాను, గంటలో నలభైకి పైగా మాటలన్నారు. బతుకంతా తప్పు రాకుండా చూసుకున్నదాన్ని, సాయంత్రమయ్యేసరికి ఎన్ని తప్పులు వస్తాయా అని ఎదురుచూసేదాన్ని.

తప్పులకేం కరువు లేదు. నాకు వ్యాకరణం దగ్గర కోపమొచ్చేది. "కమ్ అయితే కేమ్. బాగానే ఉంది. గో అయితే వెంట్ ఎట్లా అవుతుందండీ? దానికీ దీనికీ పోలికే లేదు. ఒక సూత్రం ఉండొద్దూ?"

ఆయన ఎడమచెయ్యి గాలిలో ఊపి, "బైహార్ట్" అన్నారు.

"లెక్కల్లో ఇట్లాంటి అన్యాయం ఉండదు."

"బైహార్ట్!"

బట్టీ పట్టాను. పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కత్తిరించి, చీటీకొక మాట రాసుకున్నాను. ఒక పక్క ఇంగ్లీషు, వెనక తెలుగు. రోజూ పొద్దున వంట కాకముందే ఆ చీటీలు ముందేసుకుని ఏరేదాన్ని. చూడగానే అర్థం తోచింది కుడివైపు, తోచనిది ఎడమవైపు. మా కల్లంలో మిరపకాయలు ఏరే పద్ధతే ఇది. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక కుప్ప. రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటాం, అది ఒక కుప్ప. నా ఎడమవైపు కుప్పకు కూడా తాలు అనే పేరు పెట్టుకున్నాను. మొదటి నెల అంతా తాలే.

అన్ని మాటలకూ అర్థాలు తెలుగులో రాయడం కుదరలేదు. ఆయన నోట తెలుగు రాదు, నాకు డిక్షనరీ చూడ్డం అప్పటికింకా అలవాటు కాలేదు. దీపస్తంభం పాఠంలోనే "లోన్లీ" అని ఒక మాట ఉంది. ఏంటండీ అని అడిగాను. ఆయన చెప్పబోయారు, పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు. మంచం పట్టీ మీదికి చెయ్యి వెళ్తుందేమోనని భయపడ్డాను. ఆ రోజు పచ్చడికని తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు చాటలో పక్కనే ఉన్నాయి. ఆయన ఎడమచెయ్యి చాపి అందులోంచి ఒక కాయ తీశారు. మంచం ఆ చివర, దుప్పటి మీద దూరంగా పెట్టారు. ఒక్క కాయ. దాన్ని చూపించి "లోన్లీ" అన్నారు.

నేను చాటలోంచి ఇంకో కాయ తీసి దాని పక్కన పెట్టాను. ఆయన నేర్పిన మాటే ఒకటి వాడుకుని, "నౌ?" అని అడిగాను.

ఆయన ఆ రెండు కాయలనూ చాలాసేపు చూశారు.

"నౌ... నాట్ లోన్లీ."

ఆ చీటీ మళ్ళీ తాలు కుప్పలోకి వెళ్ళలేదు.

కార్తీకం గడిచింది, పత్తి తీతలు అయ్యాయి. ఆరో తరగతి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. నాకు చదువు పట్టుబడుతున్నకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. తప్పులు తగ్గాయి. తప్పులు తగ్గితే ఆయన మాటలూ తగ్గాయి. ఒక సాయంత్రం పాఠం మొత్తం తడుముకోకుండా చదివేశాను. ఆయన "వెరీ గుడ్" అని కళ్ళు మూసుకున్నారు. గంట క్లాసులో రెండే మాటలు.

మర్నాడు కావాలనే తప్పు చదివాను. "ఐలాండ్" అని వచ్చి కూడా "ఇస్లాండ్" అన్నాను. "నైఫ్"ను "క్నైఫ్" అన్నాను. ఆయన మొదటిదానికి "నో" అన్నారు. రెండోదానికి కళ్ళు తెరిచారు. నా మొహంలోకి అట్లాగే చూశారు. ముప్పై ఏళ్ళు పిల్లల దొంగవేషాలు చూసిన కళ్ళవి. మెల్లిగా గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ రోజూ మర్నాడూ ఒక్క మాట లేదు. అన్నానికి "వెరీ గుడ్" కూడా లేదు. మూడో రోజు ఐదింటికి మంచం దగ్గర నిలబడ్డాను. కూర్చోబుద్ధి కాలేదు. బళ్ళో ఆలస్యంగా వచ్చిన పిల్లలా చేతులు కట్టుకున్నాను.

"సారీ సార్" అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. కళ్ళలో నీళ్ళున్నాయి. గొంతు మాత్రం మేష్టారి గొంతే. "బ్రింగ్ యువర్ బుక్. నెక్స్ట్... క్లాస్."

నెక్స్ట్ క్లాస్ అంటే ఏడో తరగతి. బీరువాలో వెతికితే అదీ ఉంది. అందులో నా తప్పులు సొంతంగానే బోలెడు వచ్చాయి.

పుష్య మాసంలో మళ్ళీ గుంటూరు తీసుకెళ్ళాను. మాట నేర్పే స్పీచ్ డాక్టరమ్మ ఒకామె, చిన్న వయసు, చూసి ముచ్చటపడింది. ఆంటీ, మీరే నేర్పిస్తున్నారా అంది. ఆయనే నాకు నేర్పిస్తున్నారన్నాను. ఆమె బొమ్మలు చూపించింది, ఆయన సగానికి పైగా పేర్లు చెప్పారు. మామిడిపండు బొమ్మకు తెలుగులో "మా..." అని కూడా అన్నారు. అప్పుడామె అడిగింది.

"మీ పేరేంటి సార్?"

ఆయన తడుముకోకుండా మొదలుపెట్టారు. "మై నేమ్ ఈజ్..."

ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లకీ ప్రతి పిల్లవాడికీ ఆయన మొదటి రోజు నేర్పిన వాక్యం అది. మూడు మాటలూ చక్కగా వచ్చాయి. నాలుగోది లేదు. మళ్ళీ "మై నేమ్ ఈజ్..." అన్నారు. నావైపు చూశారు. నేను వస్తువు ఎక్కడో పెట్టి మరిచిపోతే ఆయన్ని చూస్తాను చూడండి, ఎక్కడుందో ఆయనకు తెలుసేమోనని, అచ్చం ఆ చూపు.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. "ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి ఎవరు పిలుస్తారాంటీ?"

ఆలోచించాను. ఊరంతా మేష్టారూ అంటుంది. చెల్లెలికి అన్నయ్య. నాకు ఏమండీ. పేరు పెట్టి పిలిచిన వాళ్ళమ్మ, నాన్న, పెదనాన్న అందరూ పోయారు. ఈ భూమ్మీద ఆయన్ని పేరుతో పిలిచే మనిషి ఒక్కరు కూడా మిగల్లేదు. ఇన్నేళ్ళలో నాకీ సంగతి తట్టనేలేదు.

"ఎవరూ లేరమ్మా."

"మీరున్నారుగా. రోజుకి పదిసార్లు పిలవండి. చెవిన పడితేనే నోటికొస్తుంది."

"నేనా?"

"మరేంటి? నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తా. కోపమొస్తే ఒరేయ్ అని కూడా అంటా" అని నవ్వింది.

నవ్వాను గానీ, అది నా వల్ల అయ్యే పని కాదనుకున్నాను. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ చెప్పేది. నమ్ముతావా అని ఏడాది కిందట అడిగి ఉంటే లేదనేదాన్ని. కానీ అలవాటు నమ్మకం కంటే గట్టిది. రేషన్ కార్డు వాళ్ళడిగితే పక్కవాళ్ళ చేత చెప్పించేదాన్ని. బ్యాంకులో పాసుపుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించేదాన్ని. ఇప్పుడు, చావు ఆయన పక్క దాకా వచ్చి వెళ్ళాక, లేని నమ్మకం కూడా వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చాక స్నానానికి వెళ్ళి, నీళ్ళ చప్పుడులో ఒకసారి అని చూద్దామనుకున్నాను. మొదటి అక్షరం అనీ అనకుండానే చెంబు ముంచి నెత్తిన పోసుకున్నాను.

నా జన్మలో ఆ పేరు ఒక్కసారి పలికాను. యాభై ఏళ్ళు దాటింది. పెళ్ళయి అత్తారింటి గడప దగ్గర నిలబడ్డప్పుడు, ఆడపడుచు చేతులు రెండూ చాపి దారికి అడ్డం నిలబడింది. కొత్త దంపతులు ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తారు. ఆయన నా పేరు గట్టిగా చెప్పేశారు. నా వంతు వచ్చింది. తల దించుకుని, గాలికి కూడా తెలియనంత చిన్నగా అన్నాను. "వినపళ్ళా! మళ్ళీ చెప్పు వదినా!" అని ఆడపడుచు, వెనకున్న ఆడవాళ్ళందరూ ఒకటే గోల. అప్పుడాయన అన్నారు. "నాకు వినపడింది. చాలు." అని చెల్లెలి చెయ్యి పక్కకు తీసి, నన్ను లోపలికి తీసుకెళ్ళారు.

మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. మిరప రెండో కోత కోసి కల్లానికి చేర్చాం. కల్లమంటే పొలంలో ఒక పక్క చదును చేసి, పట్టాలు పరిచి కాయలు ఆరబోసే చోటు. ఎకరంలో మూడో వంతు ఎర్రగా పరుచుకుని ఉంటుంది. డాక్టరమ్మ ఆయన్ని నలుగురిలో తిప్పమంది కాబట్టి, పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం ఎండ తగ్గాక ఆటోలో తీసుకొచ్చి, గుడ్డ పందిరి కింద కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. తాలు ఏరే ఆడవాళ్ళ మధ్య నేను కూడా కూర్చునేదాన్ని. ఒళ్ళో కాయలు, పక్కన చీటీలు.

ఆ ముఠాకి పెద్ద ఒకామె ఉంది. మేస్త్రి అంటాం. పని ఎంత గట్టిదో నోరూ అంతే.

"ఏంది పెద్దమ్మా, ఒకచేత్తో కాయలేరతా ఒకచేత్తో కాయితాలేరతన్నావ్? ఇంగిలీసులో గూడా తాలుంటదా?"

"ఉంటదే. నిన్న బాగున్న మాటే ఇవాళ చూస్తే తాలైపోద్ది."

"మరి పారెయ్యరాదా?"

"తాలు ఎవరన్నా పారేస్తారా ఏంటే? మళ్ళీ రేపు ఏరతా."

"ఏరు, ఏరు. నువ్వు పరీచ్చ రాసేలోపు మా కాయలు మిర్చి యార్డుకి పోతయ్!" అని అందరినీ నవ్వించింది.

పనివాళ్ళ హాజరు నేనే పిలుస్తాను. పని మొదలెట్టే ముందు ఒకసారి, దిగేముందు ఒకసారి, పేరు పేరునా. ఎవరో జారుకుంటారని కాదు, నా పద్ధతి అది. ఆయన కల్లానికి వచ్చిన రెండో రోజు నేను హాజరు పిలుస్తుంటే, "ఉన్నా", "వచ్చా పెద్దమ్మా", "ఇక్కడేగా ఉంది, కనపళ్ళా?" అని ఎవరికి తోచినట్టు వాళ్ళు పలుకుతున్నారు. వెనక నుంచి ఆయన గొంతు లేచింది.

"నో! ప్రెజెంట్ సార్!"

పద్నాలుగు మందీ తిరిగి చూశారు. మేస్త్రి ముందు తేరుకుంది. నిలబడి, నెత్తి మీద గుడ్డ సర్దుకుని, "ప్రెజెంటు సార్!" అంది గొంతెత్తి. "మా అయ్య నన్ను బళ్ళో ఎయ్యకపోయె. ఇయ్యాల్టికి హాజరు పడింది నాకు!"

ఆయన తల ఊపారు. "గుడ్. సిట్ డౌన్."

ఆ రోజు నుంచి మా కల్లంలో అందరూ ప్రెజెంట్ సార్లే. హాజరు వేళకు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. ఒక్కో పేరుకీ ఎడమచేతి వేలు ఒకటి మడిచేవారు. పేర్లన్నీ వింటారు, తన పేరు ఆ వరసలో రాదు. ఈ మాట నాకు ప్రతి పూటా తగులుతూనే ఉంది. "మై నేమ్ ఈజ్" దగ్గర ఆయన ఇంకా ఆగిపోతూనే ఉన్నారు. వచ్చే వారం మళ్ళీ గుంటూరు వెళ్ళాలి.

ఒక సాయంత్రం, ఎండు కాయలు బస్తాలకెక్కిస్తున్న రోజు, పని దిగేముందు హాజరు పిలిచాను. పద్నాలుగు పేర్లు, పద్నాలుగు ప్రెజెంట్లు. కాగితం మడవబోయాను.

"వన్ ఆబ్సెంట్" అన్నారు ఆయన.

"లేదండీ. అందరూ ఉన్నారు."

"వన్ ఆబ్సెంట్."

లెక్కలో నన్ను తప్పు పట్టినవాళ్ళు లేరు. తలలు లెక్కపెట్టాను. పద్నాలుగు. వెనక నుంచి ముందుకు మళ్ళీ పెట్టాను. పద్నాలుగే.

"పెద్దమ్మా, నీ లెక్క తప్పిందంటన్నాడు మేష్టారు!" మేస్త్రికి భలే సంబరంగా ఉంది.

"తప్పలేదే. చూడు, పద్నాలుగు..."

ఆయన ఎడమచెయ్యి ఎత్తారు. అరచెయ్యి తన గుండె మీద పెట్టుకున్నారు. "మై నేమ్ ఈజ్..." అన్నారు. ఆగారు. నావైపు చూశారు.

మేస్త్రి నవ్వు ఆపింది. కాయల మీద చేతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. వాళ్ళందరికీ మొగుళ్ళున్నారు, వాళ్ళెవరూ పేర్లు అనరు. నన్నేమడుగుతున్నారో అక్కడ అందరికీ అర్థమైంది. నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆయన చెయ్యి గుండె మీంచి తీయలేదు, చూపు నామీంచి తిప్పలేదు. అక్కడున్న మనిషిని లేడని లెక్క వేసి నేను కాగితం మడవలేకపోయాను.

కాగితం మీదికే చూస్తూ, పదిహేనో పేరు పిలిచాను.

చిన్నగానే వచ్చింది.

"వినపళ్ళా పెద్దమ్మా!" వెనక వరసలో ఎవరో పడుచుపిల్ల అరిచింది. "మళ్ళీ పిలువు!" మిగతావాళ్ళు కూడా అందుకున్నారు. "మళ్ళీ! మళ్ళీ!"

"ప్రెజెంట్" అన్నారు ఆయన.

ఆయనకు వినపడింది.

నేను పాఠంలో ఉన్న ప్రశ్నే అడిగాను. గొంతు సర్దుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా. "వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"మై నేమ్ ఈజ్..." అని, ఊపిరి తీసుకుని, ఇంటిపేరుతో సహా చెప్పారు. చెప్పి, తనే విని, ఆశ్చర్యపోయినట్టు మళ్ళీ ఒకసారి చెప్పారు. మేస్త్రి చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "దుమ్మే, పాడు కాయలు" అని తాలు కుప్ప మీద విసుక్కుంది.

ఇప్పుడు తెలుగు కొద్దికొద్దిగా వస్తోంది. నీళ్ళు, చాలు, ఇటురా. నేను తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉన్నాను. తప్పులు నిజంగానే వస్తున్నాయి, కావాలని చేయాల్సిన పని లేదు. రోజూ పొద్దున హాజరు పిలుస్తాను, ఇంట్లో ఇద్దరమే ఉన్నా సరే. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆయన చెవిన పడడానికి ఉన్నది.

కల్లంలో ఆ సాయంత్రం కాగితం మడిచేముందు హాజరు దగ్గర పదిహేను అని వేశాను. పక్క గడిలో పనివాళ్ళు పద్నాలుగు అని వేశాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి.